నిండు చేతులు

శ్రీరాంపూర్ గని కాలనీలో ఆడవాళ్లు గాజులు మార్చుకునే తీరే వేరు. గాజులాయన గాజుల మలారం మూట దించి అరుగు మీద కూర్చున్నా, పెనిమిటి షిఫ్టులో ఉన్న ఇల్లాలు చెయ్యి చాపదు. ఆయన పైకి వచ్చి, మసి మొహంతో వాకిట్లో నిలబడి, చెంబెడు నీళ్లు అడిగాకే పాతవి తీయించుకుంటుంది. అదీ ఒక్క ఊపున కాదు. కొత్త గాజు ఒకటి ఎక్కితేనే పాతది ఒకటి దిగుతుంది. మణికట్టు రెప్పపాటు కూడా బోడిగా ఉండకూడదు. గనిని అక్కడ బాయి అంటారు. మొగుడు బాయిలో ఉండగా పెళ్లాం చెయ్యి బోడి అయితే లోపల పైకప్పు పట్టు వదులుతుందని నమ్మకం. బొగ్గు తీసిన చోట కప్పు కింద దిమ్మెలు సరిగ్గా నిలబెట్టారా లేదా అని అడగవలసిన వాళ్లను అడిగే దిక్కు లేక, ఆ పూచీ అంతా తెచ్చి ఆడవాళ్ల చేతులకు తొడిగారు.

శంకరవ్వ ఆ కాలనీ కోడలు, రాయమల్లు ఇల్లాలు. పొడుగు మనిషి. గొంతు పెద్దది. నల్లా దగ్గర బిందెల కొట్లాట ముదిరితే ఆమె వేసే ఒక్క కేకతో సద్దుమణిగేది. చదువు ఏడో తరగతి దాకా. ఆడవాళ్లను హోంగార్డుల్లోకి తీసుకుంటున్నారని 1985లో కబురు వస్తే, రాయమల్లే నవ్వుకుంటూ పోయి ఆమె పేరు రాయించి వచ్చాడు.

"నల్లకాడ ఉత్తగ ఒర్లుడెందుకు? గాడ పోయి ఒర్లు. బట్టలన్న ఇస్తరు" అన్నాడు.

ఎంపికైంది. అత్త పోశవ్వ కొన్నాళ్లు మూతి ముడుచుకుని తిరిగి, చివరికి ఒక్క మాట మీద దిగివచ్చింది.

"లాగు తొడుగుతవో, బూట్లే తొడుగుతవో, నీ ఇష్టం. చెయ్యి మాత్రం బోడి చెయ్యకు బిడ్డా. నా కొడుకు బాయిల ఉంటడు."

"నాకు తెల్వదా అత్తా?"

"తెలుసు గనుకనే చెప్తున్న. తెల్వనోళ్లు మరిచిపోతరు, తెల్సినోళ్లు తప్పించుకుంటరు."

శిక్షణ ఆదిలాబాద్‌లో. పత్తి కాలం. జిన్నింగు మిల్లుల నుంచి ఎగిరిన పింజలు ముళ్లకంపలకూ కరెంటు తీగలకూ వేలాడుతుండేవి. ఊరి బయట పాత షెడ్లలో ఆడవాళ్లకు బస. శంకరవ్వ పక్క చాప షాహిదాది. ఆమెది ఆ ఊరే. తండ్రి షరీఫ్ దూది ఏకి బొంతలు కుట్టేవాడు. ఏళ్ల తరబడి మింగిన దూది దుమ్ము ఛాతీలో చేరి, ఇప్పుడు ఒక బొంత కుట్టేలోపు పది సార్లు కూలబడుతున్నాడు. ఇంట్లో ఇంకో సంపాదన లేదు. షాహిదాను భైంసాలో ఇచ్చారు, ఆ మొగుడు తలాక్ చెప్పి పంపాడు. ఆ సంగతి ఆమె కళ్లు తుడుచుకుంటూ చెప్పలేదు.

"ఆయనకు నా వంట నచ్చలే. నాకు ఆయన మొకం నచ్చలే. హిసాబ్ బరాబర్ అక్కా" అని నవ్వింది.

ఇద్దరికీ ఎట్లా కలిసిందో గానీ కలిసింది. పరేడులో ఎడమ కాలు ఎప్పుడు వేయాలో శంకరవ్వకు తోచక తికమక పడితే, వెనక నుంచి షాహిదా మెల్లగా "లెఫ్ట్... అగో, తినే చెయ్యి దిక్కు కాదు, కడిగే చెయ్యి దిక్కు" అని గొణిగేది. నవ్వాపుకోలేక ఇద్దరూ కలిసి శిక్ష పడి మైదానం చుట్టూ పరిగెత్తేవాళ్లు.

ఊరికి దూరంగా, గుట్ట వాలుకు ఎదురుగా తుపాకి కాల్చడం నేర్పే మైదానాన్ని చాంద్‌మారీ అంటారు. అక్కడికి తీసుకుపోయే ముందు రోజు ఉస్తాద్ జబ్బార్ అందరినీ కూర్చోబెట్టాడు. నెరిసిన మీసం, గరుకు గొంతు. కొత్తవాళ్లకు తుపాకి నేర్పడంలోనే ఆయన కొలువు గడిచిపోయింది.

"దుష్మన్‌ను తర్వాత కొడుదురు గని, ముందుగాల మిమ్మల్ని మీరు కొట్టుకోకున్రి. కొత్తగ పట్టినోళ్లను తుపాకి రెండు జాగలల్ల కరుస్తది. ఒకటి కన్ను, ఇంకోటి చెయ్యి" అంటూ ఆయన ఒక జత కళ్లద్దాలు పైకెత్తి చూపాడు. "గుండు పోయినంక ఇత్తడి డొల్ల మిగుల్తది. ఖోకా అంటం. పెనం మీది రొట్టె లెక్క కాలుతుంటది. ఎటు ఎగుర్తదో దానికే ఎర్కలే. గందుకు కండ్లకు ఇవి. గొట్టం వేడెక్కినంక కొత్తోళ్లు పోయి పోయి దాని మీదనే చెయ్యేస్తరు. గందుకు ఎడమ చేతికి గీ తొడుగు. ఉంగరాలు, గాజులు, ఏది ఉన్నా రేపు తీసి రావాలె."

"గాజులా?" అని నాలుగైదు గొంతులు ఒక్కసారే లేచాయి.

"గాజులే."

"మొగుడు బతికుండంగనా ఉస్తాద్?"

"మీ మొగుళ్లు నూరేండ్లు ఉండాలె అమ్మా. గని గా సంగతి సీసా ముక్కకు ఎర్కలే. అది పలుగుతది, కోస్తది. గంతే."

గేటు దగ్గర కాపలా ఉన్న మగ హోంగార్డు ఒకడు అటు నుంచి అరిచాడు. "వాళ్లు తీసేస్తే మరి తొడుక్కునేది ఎవరు ఉస్తాద్? మేమా?"

"నువ్వే తొడుక్కో బే. నీకు నప్పుతయి" అన్నాడు జబ్బార్ తల తిప్పకుండానే. ఆడవాళ్లు గొల్లుమన్నారు.

ఆ తర్వాత ఆయన చెప్పిన సంగతికి మాత్రం ఎవరూ నవ్వలేదు. కళ్లద్దాలు జోడీకి ఒక్కటే. ఒకరు కాలుస్తుంటే, రెండోవాళ్లు కుడి పక్కన బోర్లా పడుకుని గుండ్లు అందించాలి, ఖోకాలు ఏరాలి. అద్దాలు కాల్చేవాళ్లకే.

"పక్కన పండుకునేదానికి కండ్లు ఉండయా ఉస్తాద్?" అని అడిగింది షాహిదా.

జబ్బార్ నేల చూపు చూశాడు. "రేపటి మటుకు సర్దుకోన్రి బేటీ" అన్నాడు.

అద్దాలు ఎక్కడికి పోయాయో అక్కడ అందరికీ తెలుసు. పెట్టె వచ్చినప్పుడు నిండుగానే వచ్చింది. పత్తి కాలంలో మోటారు సైకిల్ మీద పోతుంటే పింజ కళ్లలో పడుతుందని ఒక్కొక్క సాబు ఒక్కొక్క జత పట్టుకుపోయాడు. శిబిరం చూసే రాజేశ్వర్‌రావు మెడలోనూ ఒకటి వేలాడుతుండేది. ఆడవాళ్లేగా, నాలుగు గుండ్లు పేల్చి పోతారు, వాళ్లకెందుకని.

మర్నాడు పొద్దున షెడ్డులో పండుగకు ముందు ఇల్లు సర్దినట్టు గలగలా గాజులు దిగాయి. కొందరు రుమాళ్లలో మూట కట్టారు. కొందరు చెయ్యి ఒట్టిదిగా ఉండకుండా పసుపు దారం చుట్టుకున్నారు. ఒకామె దుప్పటి కప్పుకుని లోపల తీసుకుంది, చెట్టంత కూతురు ఉన్న మనిషి, కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడుతూ. శంకరవ్వ కూడా దారం తెచ్చుకుంది. చేతిలో పట్టుకుని చూసింది. దారం గాజు ఎట్లా అవుతుంది? ఆ వారం రాయమల్లుది మొదటి షిఫ్టు. ఈపాటికి దిగి ఉంటాడు.

గాజులు రెండు చేతులకూ మోచేతి దాకా తోసి, అంగీ చెయ్యి పైకి లాగింది. అవి నిలవవు. జారతాయి. షాహిదా చూసింది.

"ఉస్తాద్ చెప్పింది వినలేదా అక్కా?"

"విన్న. ఆయన బాయిల ఉన్నడే షాహిదా."

షాహిదా మణికట్లు ఎప్పుడో బోడివయ్యాయి. అయినా ఆ భయం ఏమిటో ఆమెకు తెలియనిది కాదు. "ఇటియ్యి చెయ్యి" అని తన రుమాలే చింపి, గాజుల మీద బిగించి కట్టింది. "పొడుగు చేతుల అంగీ ఎందుకిచ్చిన్రు మరి? కనపడది. జర మెల్లగ కాల్చు" అంది.

చాంద్‌మారీలో ఎండ ఇంకా వెచ్చబడలేదు. శంకరవ్వ వంతు వచ్చింది. చాప మీద బోర్లా పడుకుంది. కళ్లద్దాలు పెట్టుకుంది, ఎడమ చేతికి తొడుగు వేసుకుంది. కుడి పక్కన షాహిదా, చేతిలో గుండ్లతో. మొదటి గుండుకు భుజం మీద ఎవరో రోకలితో పొడిచినట్టయింది. "అవ్వా" అని అరిచింది గానీ, ఎదురుగా గుట్ట మీద దుమ్ము లేవడం చూసి లోపల ఎక్కడో పులకరించింది కూడా. ఇంత పెద్ద చప్పుడు తన చేతుల్లోంచి వచ్చిందా అని. రెండోది పేల్చాక, డొల్లను బయటికి లాగే బోల్ట్ వెనక్కి రాలేదు. ఇరుక్కుంది. లాగింది. రాలేదు. ఈ గుంజులాటలో రుమాలు ముడి వదులై గాజులు మణికట్టు మీదికి జారాయి. ఆమెకు తెలిసింది. సర్దుకోవాలంటే అంగీ ఎత్తాలి, ఎత్తితే కనపడుతుంది.

"ఆగక్కా, ఉస్తాద్‌ను పిలుస్త" అంటూ షాహిదా మొహం దగ్గరికి తెచ్చి బోల్ట్ వంక చూసింది.

ఉస్తాద్ వస్తే చెయ్యి చూస్తాడు. శంకరవ్వ అరచేతి మొదలుతో బోల్ట్ పిడిని ఎంత బలముందో అంత బలంతో కొట్టింది. అది తెరుచుకుంది. ఖోకా ఎగిరింది. అదే ఊపులో గాజులు ఇనుముకు తగిలి అంగీ అంచులో టప్పున పగిలాయి.

"యా అల్లా!" షాహిదా రెండు చేతులతో కుడి కన్ను మూసుకుంది.

చాప మీద ఆకుపచ్చ గాజు ముక్క ఒకటి తళుక్కుమంది. శంకరవ్వ మొదట చేసిన పని షాహిదాను పట్టుకోవడం కాదు. ఆ ముక్క మీద చెయ్యి వేసింది. దాన్ని చాప పక్కకు నెట్టి, మట్టిలోకి నొక్కింది. అప్పుడు పట్టుకుంది షాహిదాను.

జబ్బార్ ఈల ఊదుతూ పరిగెత్తి వచ్చాడు. "రుకో! అందరు తుపాకులు కింద పెట్టున్రి! ఏమైంది?"

"ఖోకా తాకింది ఉస్తాద్" అంది షాహిదా. మిగిలిన కంటితో శంకరవ్వ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నీ సంగతి చెప్పలేదు, భయపడకు అన్నట్టు ఉంది. కోపం ఉన్నా బాగుండేది.

జీపులో షాహిదా తల శంకరవ్వ ఒళ్లో ఉంది. ముందు సీట్లో రాజేశ్వర్‌రావు. వెనక్కి తిరిగి చూడకుండా దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు.

"నేను ముందే అన్న. ఆడోళ్లకు లాఠీ ఇచ్చి జాతరలల్ల నిలబెడ్తె సాలు. తుపాకులెందుకు? ఇగ పైవోళ్లకు చెప్పేస్త. ఈ బ్యాచితోనే ఖతం."

జబ్బార్ షాహిదా కాళ్ల దగ్గర కూర్చుని, ఆమె జారిపోకుండా పట్టుకున్నాడు.

అంగీ లోపల విరిగిన గాజు అంచు శంకరవ్వ మణికట్టును కోస్తోంది. ఆ మంట ఆమెకు హాయిగా ఉంది, కావాలనే చెయ్యి ఇంకా అదిమి పెట్టింది. చెప్పాలి. చెపితే ఈయన ఏమంటాడో తెలుసు. గాజుల వల్లే అంటాడు. తనొక్కతే కాదు, ఆ షెడ్డులో చాపలు పరుచుకున్న ప్రతి ఆడమనిషీ పెట్టె సర్దుకుని ఇంటికి పోవాలి. అయినా డాక్టరుకు తెలియకుండా పోతుందా? చూస్తే ఆయనకే తెలుస్తుంది. చదువుకున్న మనిషి. ఇట్లా ఒక్కొక్క సాకూ వెతుక్కుంది. అవన్నీ సాకులేనని తెలుస్తూనే ఉంది. ఒళ్లో షాహిదా కన్ను మూసుకుని పడుకుని, దారి గుంతల్లో జీపు ఎగిరినప్పుడల్లా శంకరవ్వ మోకాలు గట్టిగా పట్టుకుంటోంది.

సర్కారు దవాఖానలో డాక్టర్ బాలకిషన్‌రావు కన్ను తెరిచి చూడబోతే వాచి తెరుచుకోలేదు. నీళ్లతో కడిగాడు, దూదితో తుడిచాడు. ఇత్తడి ముక్క లోపల ఉందేమోనని ఎక్స్‌రే ఫొటో తీయించడానికి పక్క వరండాకు నడిపించారు. ఫొటో వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆయన దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని చూశాడు.

"లోపల ఏమీ లేదు. ఇత్తడి ఉంటే తెల్లగా కనిపించేది. పైపైన గీరుకుంది, అంతే. మందు వేసి కట్టు కట్టి పంపిస్తా. నాలుగు రోజులు పోయాక చూద్దాం."

"గుచ్చుతుంది సాబ్" అంది షాహిదా.

"గీరుకుంటే అట్లనే ఉంటదమ్మా."

"సరే సాబ్" అంది షాహిదా. అంతే. నర్సు కట్టు గుడ్డ తీసింది.

నల్లా దగ్గర పది మంది గొంతులను మింగేసిన గొంతు అప్పుడు పక్కనున్న మనిషికి కూడా వినపడనంత సన్నగా వచ్చింది.

"అది ఇత్తడి గాదు సాబ్."

డాక్టరు వెనక్కి చూశాడు. "ఏమన్నవ్?"

"ఖోకా గాదు. సీసా ముక్క. నా గాజు."

అంగీ చెయ్యి పైకి లాగింది. చిరిగిన రుమాలు, నెత్తుటి గీతలు, విరిగిన గాజులు కొన్ని, బాగున్నవి కొన్ని. ఆడమనిషి సింగారించుకునే చెయ్యి అట్లా అందరి ముందూ దొంగసొత్తులా బయటపడింది. నర్సు నోరు తెరిచింది. జబ్బార్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

రాజేశ్వర్‌రావు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "అగో! నేనేమన్న? గాజులు! గాజులేసుకొని తుపాకి పట్టిందట!"

"సాబ్" అన్నాడు జబ్బార్. చాలాసేపటి తర్వాత ఆయన మాట్లాడడం అదే. "ఈ బిడ్డ తప్పు చేసింది. నేను చెయ్యి ఎత్తి చూడలే, అది నా తప్పు. గని ఆ పిల్ల కండ్లకు అద్దాలు ఉంటే గాజు ముక్క ఏం చేస్తుండె? అద్దాలు ఎక్కడున్నయో నన్ను చెప్పమంటరా, మీరే చెప్తరా?"

రాజేశ్వర్‌రావు చెయ్యి తనకు తెలియకుండానే మెడ దగ్గరికి పోయింది. ఆ తర్వాత ఆయన బయటికి నడిచాడు, సిగరెట్టు కోసం.

"కొట్లాట తర్వాత పెట్టుకోండి" అన్నాడు డాక్టరు. "పల్చటి గాజు ఫొటోలో కనపడదు. ఆ విరిగినవి ఇటివ్వు. ఎంత ముక్క పోయిందో చూడాలి."

బల్ల మీద ముక్కలు అంచుకు అంచు కలిపి పేర్చాడు. ఒకచోట వేలి గణుపంత ఖాళీ మిగిలింది.

"ఇంత ముక్క లేదు. ఇదంతా కంట్లోకి పోయే వీలు లేదు. ఎక్కడ పడింది?"

శంకరవ్వకు అప్పటిదాకా పడిన సిగ్గు ఒక లెక్క కాదనిపించింది. గాజులు దాచింది భయంతో, ఆ మాట ఎవరితోనైనా అనవచ్చు. కానీ ఇది?

"పడలే సాబ్. నాకు కనపడ్డది. నేనే... మట్టిల నొక్కిన."

"ఎప్పుడు?"

"అప్పుడే. షాహిదా ఒర్లంగ."

పడుకున్న షాహిదా మొహం గోడ వైపు తిరిగింది.

జబ్బార్ జీపులో పోయి, చాప పక్కన మట్టి వేళ్లతో కెలికి ముక్క తెచ్చాడు. డాక్టరు దాన్ని ఖాళీలో పెట్టాడు. ఇంకా గోటి కొసంత తక్కువ.

"ఆ కొస లోపల ఉంది. లైటు వేసి వెతకాలి, తల కదలకూడదు. నువ్వే పట్టుకో. ఆ మిగిలినవి కూడా తీసెయ్, ఇంకోటి పలిగితే నావల్ల కాదు."

మొదటి షిఫ్టు ఇంకా పైకి రాలేదు. శంకరవ్వ ఒక్కసారి తలుపు వంక చూసింది, ఎవరో వచ్చి ఆపుతారన్నట్టు. ఎవరూ రాలేదు. రెండు చేతుల గాజులూ తీసి బల్ల మీద పెట్టింది. చేతులు మరెవరివో అయినట్టు, తేలికగా, అసహ్యంగా ఉన్నాయి. ఆ చేతులతోనే షాహిదా తల రెండు వైపులా పట్టుకుంది. వాచిన రెప్పను డాక్టరు మెల్లగా ఎత్తుతుంటే షాహిదా పళ్లు బిగబట్టింది. నల్లగుడ్డు అంచున, లైటు పక్కకు పడ్డప్పుడు మాత్రమే, నీటి చుక్కలో నీటి చుక్కలా ఏదో మెరిసింది.

"ఉంది. నా దగ్గర తీసే సాధనాలు లేవు. నాగపూర్ పోవాలె, ఇప్పుడే" అన్నాడు డాక్టరు. చేతులు కడుక్కుంటూ, ఎవరినీ చూడకుండా అన్నాడు. "పొద్దున్నే చెప్పి ఉంటే కదలకుండా పడుకోబెట్టే వాళ్లం. కడిగినం, తుడిచినం, నడిపించినం. ముక్క ఇంకా లోపలికి పోయింది."

ఆయన తిట్టి ఉన్నా అంత గుచ్చుకునేది కాదు.

కబురు విని మర్నాడు రాయమల్లు బస్సెక్కి వచ్చాడు. షెడ్డు గేటు దగ్గర ఆయన నిలబడి ఉంటే శంకరవ్వ చేతులు వెనక్కి పెట్టుకుంది. ఒంటి మీద చిన్న గీత కూడా లేకుండా, తమలపాకు నములుతూ, మామూలుగా ఉన్నాడు.

"ఎందుకు దాస్తున్నవ్ చేతులు?"

"బోడివైనయి. నిన్న, నువ్వు బాయిల ఉండంగనే."

రాయమల్లు ఉమ్మి వచ్చాడు. "నిన్న మా దిక్కు కప్పుల నుంచి ఒక పెచ్చు ఊడిపడ్డది. నా టోపి మీదనే. టోపి లేకుంట దిగనియ్యరు మమ్మల్ని. గది లేకుంటే నీ చేతులకు బస్తెడు గాజులున్నా నేను ఉండకపోదు" అన్నాడు. "నాకోసమని చేసినవ్. నాకు తల ఎత్తుకో వస్తలేదే. ఆ పిల్ల బాపును ఏ మొకంతోని చూడాలె?"

పోశవ్వ మాత్రం చాలాకాలం ఆ మాట ఎత్తితే మొహం చిట్లించుకునేది. కొడుకు బతికి ఉన్నాడన్నది ఆమెకు రుజువు కాలేదు. పెచ్చు ఊడిపడింది అన్నదే రుజువైంది.

నాగపూర్‌లో ముక్క తీశారు. కన్ను నిలిచింది గానీ చూపు సగమే నిలిచింది. మనుషులు మంచులో నిలబడ్డట్టు కనపడతారని షాహిదా చెప్పింది. అట్లాంటి కంటితో హోంగార్డు కొలువుకు పనికిరాదన్నారు. శంకరవ్వ ముందు నిలబడి, షెడ్డులోని ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని దఫ్తరు ముందు కూర్చుంది. ఫోను దగ్గర కూర్చోబెట్టండి, చెవులు బాగున్నాయి కదా అని అడిగారు. చూస్తామన్నారు. ఆ చూడడం ఎప్పటికీ అయిపోలేదు. ఒకటి మాత్రం జరిగింది. జబ్బార్ ఒక్కొక్క మోటారు సైకిల్ దగ్గరికీ పోయి అద్దాలు వసూలు చేశాడు. పక్కన పడుకునేవాళ్లకు కూడా ఇచ్చాకే చాంద్‌మారీ మళ్లీ మొదలుపెట్టాడు. రాజేశ్వర్‌రావు తనవి ఒక మనిషితో పంపించాడు, తాను రాలేదు. ఆ బ్యాచి రద్దు కాలేదు.

అంటే దాచినామెకు ఖాకీ దక్కింది. దాచిన సంగతి కడుపులో పెట్టుకున్నామె ఇంటికి పోయింది. ఈ దేశంలో లెక్కలు చాలావరకు ఇట్లాగే తేలతాయి, అందులో వింతేమీ లేదు. కానీ శంకరవ్వ ఆ లెక్కలోపల ఒక పక్క నిలబడి ఉంది. అది ఆమె అంతకుముందు ఎరగని చోటు. అన్యాయం జరిగితే కేక వేసే వైపే ఆమె ఎప్పుడూ ఉండేది.

ఖాకీ బట్టలు మడిచి ఒప్పజెప్పేద్దామనుకుంది. ముందు షాహిదాకు చెప్పాలని, ఒక సెలవు రోజు ఆ ఇంటికి పోయింది. షరీఫ్ మూలన పడుకుని దగ్గుతున్నాడు. షాహిదా నట్టింట్లో బొంత పరుచుకుని కూర్చుంది.

"రా అక్కా. చాయ్ తాగుతవా?"

"నేను కొలువు ఇడిచిపెడ్తున్న."

"ఇడిచిపెడ్తె నా కన్ను వస్తదా?"

శంకరవ్వ బొంతకు ఈ పక్కన కూర్చుంది.

"పిచ్చి పనులు చేయకు. ఇద్దరిల ఒక్కలన్న తుపాకి పట్టిన్రు" అంది షాహిదా. కాసేపు బొంత అంచు సరిచేసుకుంది. "దవాఖానల గింత మంది ముందర చెప్పినవ్ గదా. అది చిన్న సంగతి గాదు, నాకెర్కే. గని జీపుల నీ ఒళ్లె పండుకున్న గద అక్కా. గప్పుడు నాకొక్కదానికి చెప్తవేమో అని చూసిన. నా నోటితోని నేను చెప్పొద్దు, నువ్వే చెప్పాలె అని. దారి పొడుగునా చూసిన."

ఆ మాటలో దెప్పు లేదు. ఊళ్లో వాన పడలేదు అన్నట్టే చెప్పింది. శంకరవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు రాలేదు. వస్తే ఆ పిల్లే ఓదార్చవలసి వస్తుంది, అది ఇంకా సిగ్గు.

"గది ఇడిచిపెట్టు. ఇగో, పొద్దటి సంది దీంతోనే సావు. బాపుకు చేతులు వణుకుతయి, నాకు బెజ్జం అవుపడది" అంటూ షాహిదా సూది, దారం ఆమె చేతికి ఇచ్చింది.

శంకరవ్వ సూదిని వెలుగుకు ఎత్తి పట్టుకుంది. రెండు కళ్లూ బాగానే ఉన్నాయి. దారం కొస తడిపి పెట్టింది, పక్కకు పోయింది. మళ్లీ పెట్టింది. పోయింది.

"నీకు గూడ అవుపడ్తలేదా ఏంది?" అని నవ్వింది షాహిదా.

శంకరవ్వ తల ఎత్తలేదు. దారం కొస మళ్లీ నాలుకతో తడుపుకుని, బెజ్జం కోసం చూస్తూ కూర్చుంది.